నాలుగు డబ్బాల బొమ్మతో పులికాట్ దాకా

మా బుచ్చిరెడ్డిపాలెంలో యాత్ర అంటే తిరపతి, కాకపోతే పెంచలకోన. పోయొచ్చినవాడు లడ్డు అయినా పంచాల, గుండు అయినా చూపించాల. నేను పులికాట్ సరస్సు ఒడ్డున నడిదిబ్బ అనే ఊరికి పోయొచ్చినాను. జుట్టు అట్టనే ఉంది, ప్రసాదం తేలేదు. అందుకని మా వీధిలో ఒక్కడూ నేను యాత్ర చేసినానంటే ఒప్పుకోవడం లేదు. రాసి చూపిస్తే అయినా నమ్ముతారేమోనని కూర్చున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పేరు పెంచలయ్య. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ పడలేదు. ఇద్దరిలో ఒకరు బడి మానాల్సి వచ్చింది. ఆయనకు జీతం వస్తుంది గనక నేనే మానినాను. అప్పటినుంచి కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టి బతుకుతున్నాను. ఇంటి వెనక కాలువ కింద కాస్త వరి ఉంది. లోకం గురించి నాకు తెలిసిందంతా ఆ తీగలోంచీ, ఆ కాలువలోంచీ వచ్చిందే. ఆ కాలువ నన్ను ఎట్ట ముంచిందో ముందర చదువుతారు.

బుచ్చి: వడ్ల దుమ్ములో బయల్దేరినాం

ఈ యాత్రకు కారణం మా వదిన శైలజ. మా అన్న భార్య, నెల్లూరులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. ఆమె చేసిన పని ఏందో నాకు అర్థమయినట్టే చెప్తాను, ఎందుకంటే నాకు అర్థమయిందంటే ఎవరికైనా అవుతుంది.

ఫోన్‌లో యాప్ అంటే లోపల వేల లైన్ల కోడ్ ఉంటుందంట. మామూలుగా మనిషి కూర్చుని దాన్ని రాయాల. మా వదిన రాయదు. కాగితం మీద డబ్బాలు గీస్తుంది. ఒక డబ్బాలో ఇల్లు, ఒక డబ్బాలో పడవ, మధ్యలో ఒక గీత. కింద తెలుగులో నాలుగైదు వాక్యాలు: ఎవరికి ఏం రావాల, ఎప్పుడు రావాల. దీన్ని మోడల్ అంటుంది. ఆ మోడల్‌ను ల్యాప్‌టాప్‌కు తినిపిస్తే, అదే కోడ్ మొత్తం కక్కుతుంది.

"మురుకుల గొట్టం మాదిరి కదా వదినా," అన్నాను మొదటిసారి చూసినప్పుడు. "నువ్వు చేసేది బిళ్ల. బిళ్ల మారిస్తే అదే పిండి ఒకసారి మురుకులు, ఒకసారి కారప్పూస. పిండేది గొట్టం."

ఆ మాట తన క్లాసులో వాడుకుందంట. నా వాటా ఇంతవరకు రాలేదు.

ఆమె ల్యాప్‌టాప్ చూస్తే జాలేస్తుంది. మూత ఒకవైపు ఊగుతుంది, రెండు మీటలకు అక్షరాలు అరిగిపోయినాయి. కొత్తది కొనమంటే, ఇంత చిన్న మోడల్‌కు అంత పెద్ద మిషను ఎందుకంటుంది. నెట్ కూడా అక్కరలేదు. దాని బ్యాటరీ మాత్రం పొద్దున పెట్టిన పూల మాదిరి సాయంత్రానికి వాడిపోతుంది. అందుకని నా లోడ్ బండి బ్యాటరీ నుంచి దానికి కరెంటు వచ్చేట్టు ఒక పెట్టె కట్టినాను. ఆమె మెదడు, నా కరెంటు. ఇందులో ఎవరి గొప్ప ఎక్కువో మా ఇంట్లో ఇంకా తేలలేదు.

నడిదిబ్బ ఊరిపెద్ద పోలయ్య గారు వదినకు ఫోన్ చేసినాడు. వాళ్ల ఊళ్లో సరస్సులో రొయ్యల వలలు కట్టే చోట్లు వంతుల మీద పంచుకుంటారు. సముద్రం సరస్సులోకి దూరే మొగ దగ్గర రొయ్య దండిగా పడుతుంది, ఎడం పోయేకొద్దీ తగ్గుతుంది. అందరికీ అన్ని చోట్లూ తిరిగి రావాలని వంతు. పోయినేడు పట్నం నుంచి ఎవరో వచ్చి ఈ వంతులకు ఒక యాప్ చేసిచ్చినారంట. బాగానే ఉందంట. ఒక్క మాట మార్చమంటే, లోపల కోడ్ అంతా తవ్వాల, రెండు నెలలు పడుతుంది అన్నారంట. అప్పటికి రొయ్య పోయింది, కొట్లాట మిగిలింది.

"మార్చేది మీ ముందరే మారుస్తాను పోలయ్య గారూ," అని మా వదిన మాట ఇచ్చేసింది. ఇచ్చినాక నా బండి అడిగింది. ఈ ఇంట్లో మాటలిచ్చేది వాళ్లు, బండి తోలేది నేను.

కోట: క్యారేజీల రమణమ్మ

నెల్లూరు, గూడూరు దాటి కోట దగ్గర ఒక హోటలు ముందు ఆగినాం. కారం దోశ అరవై రూపాయలు. నెల్లూరులో ఎనభై పెట్టి తినే దానికంటే కారం ఎక్కువ, మాటలు తక్కువ. హోటలు నడిపే రమణమ్మ దోశ వేస్తూనే ఫోన్‌లో ఎవర్నో తిడుతా ఉంది.

ఆమె రొయ్యల గుంటల కాడ పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం క్యారేజీలు పంపుతుంది. ఎవరికి చేప, ఎవరికి గుడ్డు, ఎవరికి వట్టి సాంబారు, రోజూ తికమకే. నేను ఊరుకుంటానా.

"అక్కా, మా వదిన దగ్గర ఒక గొట్టం ఉంది. నీ తికమక అంతా అందులో పోస్తే కారప్పూస అయి వస్తుంది."

"నీకు ఎండ తగిలిందా అబ్బయ్యా," అనింది రమణమ్మ.

వదిన నన్నొక చూపు చూసి, టేబుల్ మీద నీళ్ల గ్లాసులు జరిపి, కాగితం తీసింది. మూడు డబ్బాలు: మనిషి, గుంట, క్యారేజి. వాక్యాలు రమణమ్మే చెప్పింది, వదిన రాసింది. ల్యాప్‌టాప్‌ను నా పెట్టెకు తగిలించినాం. నా రెండో దోశ వచ్చే లోపల యాప్ రమణమ్మ ఫోన్‌లో ఉంది.

ఆమె అటూ ఇటూ నొక్కి చూసి, "శనివారం చేప పంపమంటా ఉండాదే ఇది. శనివారం సగం మంది ముట్టరు. చేప పంపితే క్యారేజి నా నెత్తిన బోర్లిస్తారు," అనింది.

వదిన కోడ్ జోలికి పోనేలేదు. మోడల్‌లో ఒక్క వాక్యం చేర్చింది: శనివారం నీసు తినని మనిషికి సాంబారు. మళ్లీ తినిపించింది. మళ్లీ వచ్చింది. రమణమ్మ నొక్కి చూసి, పొయ్యి దగ్గరున్న వంటామెను పిలిచి చూపించింది. మూడో దోశ అడక్కుండానే వచ్చింది.

డబ్బులు మాత్రం అన్ని దోశలకూ తీసుకుంది. "అది వేరే, ఇది వేరే," అనింది. వ్యాపారం అంటే అది. మా వదినకు ఇంకా రాలేదు.

చిట్టమూరు దాటినాక: బురదలో ఒక చర్చ

చిట్టమూరు దాటితే నేల రంగు మారుతుంది. మా వైపు పచ్చగా ఉండే చోట ఇక్కడ బూడిద రంగు ఉప్పు నేల. దూరంగా నీళ్లలో సన్నకాళ్ల కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి, రేషన్ షాపు ఇంకా తెరవనట్టు. మెత్తటి చోటు చూసి మలుపు తిప్పినాను. ముందు చక్రం దిగబడింది.

ట్రాక్టర్ వచ్చేదాకా పనేమీ లేదు. వదిన బండి తొట్టిలో గోనె పరుచుకుని కూర్చుని నడిదిబ్బ మోడల్ తీసింది. నాలుగు డబ్బాలు: ఇల్లు, పడవ, చోటు, రోజు. పోలయ్య గారు ఫోన్‌లో ఊరి ఇళ్ల పేర్లూ, పడవల పేర్లూ పంపించి ఉన్నాడు. వాక్యాలు దాదాపు అయినాయి, ఒక్కటి తప్ప.

"వంతు దేనికి తగులుకుని ఉంటుంది పెంచలయ్యా? ఇంటికా, మనిషికా, పడవకా?"

ఇట్లాంటి ప్రశ్న నన్ను అడిగితే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. వంతుల కింద పుట్టి పెరిగినవాణ్ని. మా కాలువ నీళ్లు వంతు మీదే వస్తాయి. వంతు పొలానిది. పొలం అమ్మినవాడు నీళ్ల వంతు కూడా అమ్మినట్టే. దున్నే మడక లేకపోయినా, మనిషి లేకపోయినా, పొలం ఉంటే నీళ్లు వస్తాయి. పొలం లేనివాడికి నీళ్లెందుకు, కాళ్లు కడుక్కోవడానికా?

"పడవకే వదినా," అన్నాను. "మనకు పొలం ఎట్టనో వాళ్లకు పడవ అట్ట. పడవ లేనివాడికి చోటిస్తే ఏం చేసుకుంటాడు, ఈత కొడతాడా?"

"పోలయ్య గారిని ఒక మాట అడిగితే మంచిదేమో." ఫోన్ పైకెత్తి చూసింది. సిగ్నల్ లేదు.

"ఏడో తరగతి దాకా చదివినవాడు చెప్తా ఉంటే ఇంకా అనుమానమా?"

నవ్వి రాసింది: పడవ ఉన్న ప్రతి ఇంటికీ ఒక వంతు. నా మాట ఒకటి కంప్యూటర్లోకి ఎక్కడం అదే మొదటిసారి. బురదలో నిలబడి కూడా నాకు రవ్వంత ఎత్తు పెరిగినట్టు అనిపించింది. ట్రాక్టర్ అతను వచ్చి బండిని లాగి మూడొందలు అడిగినాడు. రెండొందల యాభై అన్నాను. "మళ్లీ దించనా?" అన్నాడు. మూడొందలు ఇచ్చినాను.

నడిదిబ్బ: చెంగమ్మ పొయ్యి

నడిదిబ్బలో ఊరికి వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం కూడా వంతే. ఆ రోజు వంతు చెంగమ్మది. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ, చెయ్యి పెద్దది. ఇంటి పక్కన తాటాకు పందిరి కింద మట్టి పొయ్యి. దాని మీద పీతల పులుసు. నెల్లూరులో ఆ సైజు పీత కిలో ఆరొందలకు తక్కువ రాదు. ఇక్కడ ఒడ్డున మూడొందలంట, అదీ కొనేవాడుంటే. మేం పులుసులో మామిడికాయ వేస్తాం, చెంగమ్మ పచ్చి చింతకాయ దంచి వేసింది. నేను ఇంకొంచెం అన్నం పెట్టించుకుని, ఇంకొంచెం పులుసు పోయించుకుని, అన్నం మిగిలిందని మళ్లీ పులుసు పోయించుకున్నాను.

"మీ వైపు పస్తులు ఉంటారా అన్నా?" అని అడిగింది చెంగమ్మ, మొహంలో నవ్వు లేకుండా.

"మా వైపు పీతలు పొలంలో ఉంటాయమ్మా, గట్లకు బొక్కలు పెడతాయి. వాటిమీద పగ ఇక్కడ తీర్చుకుంటా ఉండా."

అప్పుడు నవ్వింది. భర్త పోయి ఏడాది కాలేదని అప్పుడే చెప్పింది. జ్వరం వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చి పోయినాడంట. అత్తగారూ మరిదీ నాలుగిళ్ల అవతల ఉంటారు. పెళ్లయిన మూడో ఏడే భార్యాభర్తలు వేరుపడి ఈ పొయ్యి వేసుకున్నారు. మరిది ఏడుకొండలు ఇప్పుడు, వచ్చి మాతో కలిసిపో వదినా అంటా ఉన్నాడంట.

"మంచోడే," అనింది చెంగమ్మ. "కానీ ఆడికి పోతే మా అత్త పొయ్యి. నేను తినేదీ, నా బిడ్డకు పెట్టేదీ ఆమె గరిటె మీద ఉంటాది. రేపు నా వంతు నాకు పడితే చాలు, ఈ ఏడు గడుపుకుంటా. పడకపోతే ఈ పొయ్యి ఆర్పుకుని పోవాల్సిందే."

"పడుతుందమ్మా, ఎందుకు పడదు," అన్నాను. ఆమె ఇంటి ముందర నీటి అంచున ఒక నీలం పడవ కట్టేసి ఉంది. చూసినాను, ఆమెదే అనుకున్నాను. అడిగి ఉంటే బాగుండేది. కానీ నోట్లో పీత ఉంది.

అవతల ఒడ్డున శ్రీహరికోట దీపాలు వెలిగినాయి. రాకెట్టు ఎగిరేటప్పుడు సముద్రంలోకి పోనీరు, అప్పుడు ఈ సరస్సే మాకు కూడు అనింది చెంగమ్మ, గిన్నెలు తోముకుంటా.

వలల పందిట్లో

పొద్దున ఊరంతా వలలు బాగుచేసే పందిట్లో చేరింది. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ మీద మా వదిన ల్యాప్‌టాప్, దాని తోక నా బండిలో. పోలయ్య గారు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట్లాడే ముందు ప్రతిసారీ తుండు భుజం మార్చుకుంటాడు. ఊళ్లో అందరికంటే పెద్దది కాంతమ్మవ్వ. పూర్వం వంతులకు చీటీలు తీసేది ఆమేనంట, అందుకని ఫోన్ మీట కూడా ఆమే నొక్కాలన్నారు. అవ్వ వేలు తుడుచుకుని, కళ్లు మూసుకుని, కాల్చుకుంటానేమో అన్నట్టు నొక్కింది.

పేర్లు వరసగా వచ్చినాయి. పోలయ్య గారు ఒక్కొక్కటీ చదువుతా ఉంటే ఈలలు, ఎగతాళులు. మొగ దగ్గర మొదటి రోజు పడినవాణ్ని, నీ ముఖానికి ఎట్ట పడిందిరా అని పక్కవాడు వీపు మీద చరిచినాడు. చదవడం అయిపోయింది.

"నా పేరు రాలేదే," అనింది చెంగమ్మ.

గట్టిగా అనలేదు. అయినా పందిరంతా వినింది.

మగవాళ్లలోంచి ఏడుకొండలు లేచినాడు. "మా వదినకు పడవ లేదు కదా. అన్న చనిపోయిన వానల్లోనే ఆయన పడవ పగిలిపోయింది. ఆ నీలం పడవ నాది. యంత్రం సరిగ్గానే చెప్పినట్టుంది. మేం చూసుకుంటాం ఆమెను, ఊరికి దిగులొద్దు."

నేను కూర్చున్నచోటే మెల్లగా వదిన వెనక్కి జరిగినాను.

పోలయ్య గారు తుండు భుజం మార్చినాడు. "ఎందుకు రాలేదు తల్లీ? కోడ్ తవ్వాల, రెండు నెలలు పడుతుందని నువ్వు కూడా అనవు కదా?"

"తవ్వే పనిలేదు పోలయ్య గారూ. ఎందుకు రాలేదో చదువుతాను, వినండి." మా వదిన లేచింది. నాలుగు డబ్బాల కాగితం ఎత్తి పట్టుకుని ఒక్కో వాక్యం చదివింది. మూడో వాక్యం దగ్గర నేను తల వంచుకున్నాను. "పడవ ఉన్న ప్రతి ఇంటికీ ఒక వంతు."

"ఎవురు చెప్పినారమ్మా నీకు ఈ మాట?" అనింది కాంతమ్మవ్వ.

వదిన నా వైపు చూడలేదు. అందుకే అందరూ చూసినారు.

లేచి చెప్పినాను. మా కాలువ, మా పొలం, పొలంతో పోయే నీళ్ల వంతు. సగం చెప్పేసరికే ఆడవాళ్ల వైపు నవ్వులు మొదలైనాయి.

"వరి మనిషివి కదా నాయనా," అన్నాడు పోలయ్య గారు. కోపం లేదు, చిన్నబిడ్డకు చెప్పినట్టు చెప్పినాడు. "నీ పొలం యాడికీ పోదు, ఉన్నచోటే ఉంటాది, దానికి వంతు కడతారు. పడవ కొయ్య. పుచ్చిపోతాది, పగిలిపోతాది. పడవ పగిలిన ఏడే మనిషికి తిండి ఎక్కువ కావాల. అప్పుడే వంతు తీసేస్తే అది ఏం ఊరు? మా కాడ వంతు పొయ్యికి."

"పొయ్యికా?" అనింది వదిన. కళ్లు వెలిగినాయి. డబ్బాలో 'ఇల్లు' కొట్టేసి 'పొయ్యి' రాసింది. 'పడవ' డబ్బాను మొత్తంగా కొట్టేసింది. నాలుగు డబ్బాలు మూడైనాయి. వాక్యం మార్చింది: ప్రతి పొయ్యికీ ఒక వంతు. అందరికీ వినపడేట్టు చదివింది.

అప్పుడు మొదలైంది అసలు వేడుక. వెనకనుంచి ఒకడు లేచి, నేనూ మా అన్న కాడినుంచి వేరుపడినా అన్నాడు.

"ఎప్పుడురా?"

"నిన్న."

"నిన్న మధ్యాహ్నం మీ వదిన కాడ తిని, మా ఇంటి ముందర త్రేన్చినావు," అనింది ఒకామె. ఇంకొకడు ఇంటి వెనక రాళ్లు మూడు పెట్టుకుని కాఫీ కాచుకుంటానన్నాడు. కాఫీకి వంతిస్తే బీడీకి కూడా ఇయ్యాలన్నారు. ఒక్క వాక్యం వదులుగా ఉంటే ఊళ్లో ఎన్ని పొయ్యిలు పుడతాయో లెక్క లేదు.

వదిన నవ్వు ఆపుకుంటా, "అయితే ఏ పొయ్యిని పొయ్యి అనాలో మీరే చెప్పండి. మీరు చెప్పిందే రాస్తాను," అనింది.

 చెప్పింది కాంతమ్మవ్వే. "వేసిన రోజు మన అమ్మోరు చెంగాలమ్మ తల్లికి పొంగలి పెట్టిన పొయ్యి. పెట్టినాక ఆరకుండా ఉన్న పొయ్యి."

అందరూ తల ఊపినారు. అందరికీ తెలిసిందే, కానీ ఎవరూ ఎన్నడూ మాటల్లో పెట్టాల్సిన పని పడలేదు. వదిన రాసుకుంటా ఉంటే ఏడుకొండలు మళ్లీ లేచినాడు.

"అన్న పోయినాక ఆ పొయ్యి మాదాంట్లో కలిసినట్టే. నేను చెడ్డ కోరి చెప్పడంలా. ఒంటి ఆడమనిషిని నీళ్లకు వదిలేసినాడని రేపు నన్నే అంటారు."

అతని బాధ అదీ. వదినను వదిలేసినవాడిగా ఊళ్లో తిరగడం ఆ మనిషికి చేతకాదు. నేనూ మరిదినే, నాకు అర్థమైంది.

చెంగమ్మ లేచింది. "పొంగలి పెట్టినానా లేదా, ఈడ తిన్నోళ్లందరికీ తెలుసు. ఆరిందా లేదా, రాత్రి పీతల పులుసు యాడ తిన్నారో ఆ వరి అన్నను అడగండి."

ఊరు ఊరంతా నా వైపు తిరిగింది. నా జీవితంలో సాక్ష్యం చెప్పడం అదే మొదలు. "ఆ పొయ్యి మీదే తిన్నాను," అన్నాను. "ఆరలేదు. ఆగాల్సింది నేను, ఆగకుండా తిన్నాను. గిన్నె తోమకముందే అడుగు తళతళలాడింది, అదే నేను పెట్టిన సంతకం."

నవ్వుల మధ్య చెంగమ్మ మరిది వైపు తిరిగింది. "నీ పడవ కావాల నాకు, ఏడుకొండలూ. నీ పొయ్యి కాదు. నా వంతు రోజు నీ పడవ వెయ్యి, పడవ వాటా తీసుకో. వదిలేసినావని ఎవురంటారో నేనూ చూస్తా."

అతను నీలం పడవ వైపు తిరిగి చూసినాడు. తరవాత కూర్చున్నాడు. కూర్చుంటా, "వల ఎవరి పడవలో పోయినా సరే అని కూడా రాయండి అక్కా. లేకపోతే రేపు దానిమీద పంచాయితీ పెడతారు," అన్నాడు.

మా వదిన రాసింది: పొంగలి పెట్టి, ఆరకుండా ఉన్న ప్రతి పొయ్యికీ ఒక వంతు. వల ఎవరి పడవలో పోయినా సరే. పైకి చదివింది. అభ్యంతరం ఉందా అని అడిగింది. లేదు. ఏ పొయ్యిలు అట్లాంటివో పేర్లు పిలిచి అందరి ముందరే గుర్తు పెట్టింది. కాఫీ కాచుకునే రాళ్లు పోయినాయి. ల్యాప్‌టాప్‌కు తినిపించింది. పాత కోడ్ మొత్తం పోయి కొత్తది వచ్చింది. వేలకొద్దీ ఇంగ్లీషు లైన్లు జరజరా పాకుతా ఉంటే, వలలు అల్లే ఒక అబ్బాయి తొంగిచూసి, ఇదంతా చదవాల్నా అక్కా అన్నాడు.

"దాన్ని చదవక్కర్లా. దాన్ని పుట్టించిన ఈ అయిదు వాక్యాలు చదువు. తప్పుంటే అక్కడే దొరుకుతుంది," అనింది వదిన.

నేను చాలామంది చదువుకున్నవాళ్లకు మోటార్లు బాగుచేసినాను. తను చేసిన పనిలోని తప్పును ఊరి మధ్యలో పైకి చదివి వినిపించిన మనిషిని మాత్రం చూడలేదు. అందులోనూ ఆ తప్పు నాది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అయినా, మా పెంచలయ్య చెప్పినాడు అని ఆమె అనలేదు. ఈ యాత్రలో నాకు అయిన దర్శనం అదే. గుండు కొట్టించుకోమన్నా కొట్టించుకునేవాణ్ని.

కాంతమ్మవ్వ మళ్లీ వేలు తుడుచుకుంది, ఈసారి కళ్లు తెరిచే నొక్కింది. చెంగమ్మకు మొగ పడలేదు. దానికి ఇవతల, మధ్యలో ఉండే చోటు, మూడో రోజు. మొగ పడి ఉంటే కథ ఇంకా బాగుండేదని నేను బండి దగ్గర అన్నాను. "చీటీని అడుక్కోకూడదన్నా," అనింది చెంగమ్మ. "రావాల్సినట్టు వచ్చింది. చాలు."

మూడో వంతు

మేం ఆ సాయంత్రమే తిరిగి రావాల్సింది. మొదటి వంతులు సరిగ్గా తిరుగుతాయో లేదో చూసిపోతానని వదిన అంది. నాకూ తొందరలేదు. అన్నం వంతు ఇంకో ఇంటికి మారింది, అక్కడ మడవ చేపల వేపుడు. ఈ ఊళ్లో ఏ పొయ్యి మీద ఏం బాగుంటుందో ఇప్పుడు నన్ను అడగొచ్చు, సాక్షిని కదా.

మొదటి రెండు రోజులూ ఎవరి ఫోన్‌లో చూసినా ఒకే వరస. వాదన లేదు. పోలయ్య గారికి తోచక, తుండు ఊరికే భుజం మారుస్తా కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున నీలం పడవ తిరిగి వచ్చింది. ఏడుకొండలూ, ఇంకో మనిషీ వల దించినారు. ఒడ్డున తాటాకు చాప పరిచి రొయ్యలు పోసినారు. కుప్ప మరీ పెద్దది కాదు, చిన్నదీ కాదు. గాజు మాదిరి, లోపలినుంచి వెలుతురు వస్తున్నట్టు ఎగురుతా ఉన్నాయి. మా వైపు వడ్లు కొలిచేటప్పుడు రైతు పక్కన నిలబడతాడు, కొలిచేది వేరేవాడు. ఇక్కడ అట్ట కాదు. వంతు ఎవరిదో వాటాలు వేసేది వాళ్ల చెయ్యే. పడవకొక వాటా, వలకొక వాటా, పోయిన మనుషులకు వాటాలు, వంతుకొక వాటా.

ఇన్నేళ్లూ ఆ పని ఆమె భర్త చేసినాడు. చెంగమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని చాప ముందర కూర్చుంది. కూతురు పక్కన బుట్ట పట్టుకుని నిలబడింది. నాలుగిళ్ల అవతలి నుంచి అత్తగారు కూడా వచ్చి, కాస్త ఎడంగా నిలబడి చూస్తా ఉంది. ఏడుకొండలు తడిసిన పంచె పిండుకుని, సంచి తెరిచి పట్టుకుని వంగినాడు.

"పడవ వాటా వెయ్యి వదినా. ఎండ ఎక్కుతా ఉండాది."

చెంగమ్మ రెండు చేతులూ కుప్పలో పెట్టి, దోసెడు ఎత్తి, కూతురి బుట్టలో వేసింది. ఇంకో దోసెడు వేసింది. అప్పుడు తల ఎత్తింది.

"ఆగబ్బయ్యా," అనింది. "ముందు పొయ్యి వాటా."